వలల కొట్లో చింతపండు జాడీ

మా మనవరాలు ఆఫీసు పని చేసుకునేది నా కుట్టుమిషను మీద. నేను దాని మీద కుట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. మిషను తలను లోపలికి దించి పైన చెక్క పలక మూసేస్తే అదే బల్ల అవుతుంది. పలక మీద కంప్యూటరు, కింద తొక్కుడు చట్రం మీద కాళ్ళు పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో మంచి బల్ల ఒకటి కొనుక్కుంటానంది. ఉన్నదానికి ఏం రోగం వచ్చిందని నేనే కొననివ్వలేదు.

గుడివాడలో మేముండేది మేడ మీద వాటా. మా అమ్మాయీ అల్లుడూ టిఫిన్లు తినగానే ఎవరి పనులకు వాళ్ళు వెళ్ళిపోతారు. పగలంతా ఇంట్లో నేనూ, ఈ పిల్లా. మా ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన పోయాక బందరులో ఇల్లు ఖాళీ చేసి, పద్దెనిమిది రేకు డబ్బాలు, రెండు ట్రంకు పెట్టెలు, ఈ మిషనూ వ్యానులో వేసుకుని ఇక్కడికి వచ్చాను. డబ్బాలు చూసి మా అల్లుడు నోరెత్తి ఏమీ అనలేదు. అటక మీదికి ఎక్కించేటప్పుడు మాత్రం డబ్బాకో నిట్టూర్పు విడిచాడు.

మూడేళ్ళుగా ఆ డబ్బాల్లో నేను వెతుకుతున్నది ఒకటే వస్తువు. మా నాన్న వలలు బాగుచేసిన వెదురు సూది.

మా పుట్టిల్లు దివిసీమలో, సముద్రం హోరు వినిపించేంత దగ్గరి ఊరు. మూడో తరగతి సగంలో ఉండగా మా నాన్న నన్ను బడి మాన్పించి వల ముందు కూర్చోబెట్టాడు. చినిగిన వల ఆ రోజుకారోజు బాగవకపోతే మర్నాడు పడవ కదలదు. జానెడు పొడుగు వెదురు బద్ద, మధ్యలో నాలుకలా చెక్కిన చీలిక, దానికి చుట్టిన దారం. అక్కడి నుంచీ అదే నా పలకా, బలపమూ. చిక్కు విప్పాల్సి వచ్చినప్పుడు నాన్న ఆ సూదిని పళ్ళతో పట్టుకునేవాడు. అందుకని దాని చివర రెండు పంటిగాట్లు పడ్డాయి. ముడి వేసేటప్పుడు చిటికెన వేలు అడ్డం పెట్టి బిగించడం ఆయన పద్ధతి. మా రేవులో ఇంకెవరూ అలా వేసేవాళ్ళు కాదు. నాకు ఆ ముడి వచ్చిన రోజున, "ఇది తెంపాలంటే చేప వల్ల కాదమ్మాయ్, దాని తాత దిగి రావాలి" అన్నాడు.

పెళ్ళయి బందరు వస్తూ ఆ సూది అడిగి తెచ్చుకున్నాను. ఆయన ఇంకోటి చెక్కుకున్నాడు. ఏడాది తిరగకుండానే ఉప్పెన వచ్చింది. ఇల్లు లేదు. పడవ లేదు. నాన్న లేడు. అమ్మ అంతకు ముందే పోయింది. ఆ ఇంటి తాలూకు వస్తువు ఈ లోకంలో మిగిలిందల్లా నా దగ్గరున్న ఆ సూది.

దాన్ని చూస్తే నాకు పని సాగేది కాదు. అన్నం మాడిపోయేది. అన్నం మాడ్చడం నా ఒంటికి పడని పని. ఒకరోజు దాన్ని మా ఆయన చేతిలో పెట్టి, నా కంటికి కనపడకుండా ఎక్కడైనా పెట్టేయమన్నాను.

"పెడతాలే. పుస్తకంలో రాసి ఉంచుతా. ఎప్పుడు కావాలంటే అప్పుడు అడుగు" అన్నారు.

అడగలేదు. పిల్లలు పెరిగారు, పెళ్ళిళ్ళయ్యాయి, మనవరాలు పుట్టింది, అయినా అడగలేదు. అడిగితే చెప్పే మనిషి ఇంట్లో ఉన్నాడు కదా అన్న ధీమా. ధీమా ఎంత చెడ్డదో మనిషి పోయాక గానీ తెలియదు.

పుస్తకం అన్నాను కదా, దాని సంగతి చెప్పాలి. మా ఆయన గిలకలదిండి రేవు దగ్గర ఒక వలల కొట్లో సామాను చూసేవారు. వలలు, తాళ్ళు, తేలే బెండ్లు, ఇంజను బోల్టులు, అన్నీ దొరికే కొట్టు. ఏ వస్తువు ఏ అరలో ఉందో ఒక పుస్తకంలో రాసి పెట్టడం ఆయన పని. ఆ అలవాటు ఇంటికీ పాకింది. కందిపప్పు ఏ డబ్బాలో, పాత దుప్పట్లు ఏ పెట్టెలో, గ్రైండరు రాయి ఏ మూల, అన్నీ పుస్తకంలోకి ఎక్కేవి. "ఏవండీ, ఇంగువ సీసా?" అని వంటింట్లోంచి కేకేస్తే, "రెండో అర, ఉప్పు జాడీ వెనకాల" అని వీధి అరుగు మీంచి జవాబొచ్చేది. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు. కానీ మనిషి పలుకుతుంటే పుస్తకం చదివేదెవరు?

ఆయన పోయాక ఇంట్లో ఒక పుస్తకం దొరికింది. తెరిస్తే అంతా తాళ్ళు, బోల్టులు, బెండ్లే. అది కొట్టు పుస్తకం. పెద్దకర్మ నాడు కొట్టువాళ్ళు వచ్చి అడిగితే ఇచ్చేశాను. ఇంటి పుస్తకం మాత్రం కనపడలేదు. పద్దెనిమిది డబ్బాలూ బోర్లించి చూశాను. ట్రంకు పెట్టెల్లో అడుగున పరిచిన కాగితాలు కూడా ఎత్తి చూశాను. పుస్తకమూ లేదు, సూదీ లేదు.

అంత గట్టిగా ఎందుకు వెతకడమంటే, ఒకరోజు పార్సిలు విప్పిన పురికొస పారేయబుద్ధి కాక ఉండ చుడుతూ, ఊరికే నాన్న ముడి వేసి చూశాను. పడలేదు. చిటికెన వేలు ఎక్కడ అడ్డం పెట్టాలో వేళ్ళకి గుర్తు రాలేదు. మళ్ళీ వేశాను. జారిపోయింది. ఆ సాయంత్రం పదిసార్లన్నా వేసి ఉంటాను. నాన్న ముఖం నాకు ఎప్పుడో చెరిగిపోయింది, ఫోటో లేదు. ముడి ఒక్కటే మిగిలింది. అది కూడా పోతోందని అప్పుడు తెలిసింది. ఆ సూది చేతిలో పడితే వేళ్ళకి అదే గుర్తొస్తుందని నాకొక నమ్మకం.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, మా మనవరాలు కంప్యూటరు వదిలేసి గోడకేసి చూస్తూ కూర్చుంది.

"ఏమే, కరెంటు పోయిందా?"

"లేదమ్మమ్మా. శుక్రవారం లోపల ప్లాను రాసివ్వాలి. మొదటిసారి నా ఒక్కదానికే అప్పజెప్పారు. కేటలాగులు ఎక్కడ పెట్టాలో తేలట్లేదు."

"చీరల కేటలాగులా?"

నవ్వింది. అది చేసే పని ఏమిటో నేనెప్పుడూ అడిగి తెలుసుకోలేదు. ఆ రోజు అడిగాను. ఎక్కడో ఒక బీమా కంపెనీ ఉందిట. దాని కాగితాలన్నీ మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లో ఉంటాయిట. ఆ కాగితాలు దాచే డిస్కులు పాతబడితే తీసేసి కొత్తవి పెడుతున్నారుట. తెల్ల కాగితం తీయబోతుంటే చేతి మీద ఒకటి వేసి, పోయిన నెల కేలెండరు కాగితం వెనక్కి తిప్పి ఇచ్చాను. దాని మీద వరసగా గుండ్రాలు గీసింది.

"డిస్కులంటే నీ డబ్బాలనుకో. ఏ ఫైలు ఏ డిస్కులో ఉందో రాసి ఉండే జాబితాని కేటలాగు అంటాం. ఫైలు పేరు చెప్తే చాలు, మిషను ఆ జాబితా చూసుకుని సరిగ్గా ఆ డిస్కు దగ్గరికెళ్తుంది. జాబితా పోయిందనుకో, ఫైలెక్కడికీ పోదు, ఉన్నచోటే ఉంటుంది. కానీ పేరు పెట్టి పిలిస్తే పలకదు."

నేను కూరలు తరగడం ఆపాను.

"ఆ జాబితా ఎక్కడుంటుంది?"

"అదేగా నా తలనొప్పి! అది కూడా ఏదో ఒక డిస్కులోనే ఉండాలి. అన్ని జాబితాలూ ఒకే డిస్కులో పెడితే అది పోయిన రోజు అన్నీ పోతాయి. బాగా రద్దీగా ఉండే డిస్కులో పెడితే ప్రతివాళ్ళూ దాని దగ్గరే క్యూ కడతారు. ఈ చిన్న జాబితాలు ఎక్కడెక్కడున్నాయో చెప్పడానికి మళ్ళీ ఒక పెద్ద జాబితా ఉంటుంది."

"ఆ పెద్దది ఎక్కడుందో ఎవరు చెప్తారు?"

"మిషన్ని లేపేటప్పుడే అది చెప్పి లేపుతారు. ఆ ఒక్క ముక్క ముందే తెలిసి ఉండాలి."

"ఆ ముక్క తెలిసినవాళ్ళు పోతే?"

పిల్ల తలెత్తి నావైపు చూసింది. నేను బెండకాయల వైపు చూశాను.

కాగితం మీద ఇంకో గుండ్రం గీసి అంది పిల్ల. "నాకు తోచిందేమిటంటే అమ్మమ్మా, ఏ డిస్కు జాబితా ఆ డిస్కులోనే పెట్టేస్తే పోదా? డిస్కు పోతే సామానూ పోతుంది. సామానే లేనప్పుడు జాబితాతో పనేముంది?"

"పనుంటుంది" అన్నాను. "ఏం పోయిందో తెలియాలంటే జాబితా పోకూడదు."

అది నా మాట కాదు. మా ఆయన మాట. ఆ మాట వెంట మిగతాదంతా గుర్తొచ్చింది. ఉప్పెనలో కొట్టు నిండా నీళ్ళొచ్చి, సామానుతో పాటు పుస్తకం కూడా పోయిందిట. ఆ తర్వాత ఏయే సరుకు పోయిందో అడిగినవాళ్ళకి యజమాని చెప్పలేక, ఒట్టి అరల ముందు నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడుట. అది చూసిన దగ్గర్నుంచీ మా ఆయన కొట్టు పుస్తకాన్ని కొట్లో ఉంచలేదు. అన్నం క్యారేజీ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశారు. పొద్దున్న నుంచీ చీటీ మీద రాసుకున్నది సాయంత్రం అరుగు మీద కూర్చుని పుస్తకంలోకి ఎక్కించేవారు. దాని మీద నేను సాధించేదాన్ని కూడా.

"కొట్టు పుస్తకం కొట్లో ఉండాలి గానీ మన బియ్యం డబ్బా మీద ఎందుకండీ? ఆ ఇంజను నూనె కంపు అన్నానికి పడుతోంది."

"కొట్టు సముద్రం పక్కనుంది. ఇల్లు ఊళ్ళో ఉంది. నీళ్ళొస్తే రెండూ ఒకేసారి పోకూడదే" అనేవారు.

ఇదంతా చెప్పాను. మనవరాలు పెన్సిలు నోట్లో పెట్టుకుని విన్నది.

"మరి ఇంటి పుస్తకం తాతయ్య ఎక్కడ కూర్చుని రాసేవాడు?"

ఆయన అరుగు మీద కూర్చుని రాస్తుంటే రెండూ ఒకే పుస్తకం అనుకున్నాను. ఇంటి పుస్తకం రాస్తుండగా నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మమ్మా, కొట్టు జాబితా ఇంట్లో పెట్టినవాడు ఇంటి జాబితా ఎక్కడ పెడతాడే?"

బెండకాయలు అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

మర్నాడు సెలవు పెట్టమంటే పెట్టింది. బందరు బస్సెక్కాం. గుడ్లవల్లేరు దగ్గర కాలేజీ పిల్లలంతా బిలబిలమంటూ దిగిపోయారు. మూడేళ్ళలో బందరు మళ్ళీ వెళ్ళలేదు. వెళ్తే అరుగు చూడాల్సి వస్తుందని వెళ్ళలేదు. ఈసారి కూడా ఆ వీధి వైపు పోనివ్వకుండా ఆటోని తిన్నగా గిలకలదిండికి పట్టించాను.

రేవులో చేపల వేలంపాట సాగుతోంది. ఐసు ముక్కలు కొట్టే చప్పుడు, బుట్టలు ఈడ్చే చప్పుడు. మనవరాలు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మటుకు గుండెల నిండా పీల్చుకున్నాను. ఒక నీడలో ఇద్దరు మగవాళ్ళు కాళ్ళ బొటనవేలికి వల తగిలించుకుని బాగుచేస్తున్నారు. ముడి చూద్దామని ఆగాను. అందరూ వేసే ముడే.

కొట్టు నడిపేది ఇప్పుడు పాత యజమాని కొడుకు. నలభై దాటిన మనిషి. నన్ను చూడగానే గల్లా దగ్గర్నుంచి లేచాడు.

"రండి పిన్నిగారూ, ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! బాబాయిగారు పోయాక మాకు బోల్టు దొరకాలంటే ఒక పూట పడుతోందండీ."

కూర్చోబెట్టి కూలు డ్రింకు తెప్పించబోతే వద్దన్నాను. ఇంటి నుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకున్నాం. వచ్చిన పని చెప్పాను. అతను సగం వినేసరికే నవ్వడం మొదలుపెట్టాడు.

"అది మీదా అండీ! ఎవరి పుస్తకమో తెలీక బుర్ర బద్దలు కొట్టుకున్నాం. వలల కొట్లో చింతపండు జాడీ ఏమిటండీ, పసుపు కొమ్ములేమిటండీ! పైన పేరైనా రాయలేదు. ఎవరో ఆడవాళ్ళు వచ్చి అడుగుతారు, అప్పటిదాకా కదపొద్దని మా నాన్నగారన్నారు. ఆయనా పోయారు, ఎవరూ రాలేదు."

దేవుడి పటాల వెనక నుంచి తీశాడు. అట్టకి పాలిథిన్ కవరు తొడిగి, నైలాను దారంతో కట్టి ఉంది. ఆ దారపు ముడి మీద వేలు పెట్టి చూశాను. చిటికెన వేలు అడ్డం పెట్టి బిగించిన ముడి. పెళ్ళయిన కొత్తలో మా ఆయన నేర్పమంటే నవ్వుతూ నేర్పాను. ఆయనకి రాలేదనే అనుకున్నాను.

"విప్పనా అమ్మమ్మా?" అంది మనవరాలు.

"ముడి విప్పకు. దారం అంచుకి లాగి జరుపు."

జరిపింది. నేనే చదువుతానని పుస్తకం లాక్కున్నాను. నొక్కి రాసేవారు, అక్షరాలు వేలికి తగిలాయి. చింతపండు జాడీ. పెద్ద దుప్పటి. అమ్మాయి పుట్టినప్పటి ఉయ్యాల గొలుసులు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటుంటే, ఆ అబ్బాయి పాపం మధ్యలో వచ్చిన బేరాలని గొంతు తగ్గించి చూసుకున్నాడు.

వెదురు సూది పద్దెనిమిదో పేజీలో ఉంది. దానికి ఎదురుగా "మూడో డబ్బా" అని రాసి కొట్టేశారు. "ట్రంకు పెట్టె, చీరల మధ్య" అని రాసి కొట్టేశారు. పక్కన చిన్నగా, "ఆమె చీర తీస్తే కనపడుతుంది". తర్వాత "గోడ గూడు". అదీ కొట్టేసి, "చెద". అలా ఏడు చోట్లు. ఏడుసార్లు తీసి, తుడిచి, చెడకుండా, నా కంట పడకుండా ఇంకో చోట పెట్టారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. చివరిది కొట్టెయ్యలేదు. "కుట్టుమిషను పలక అడుగున. కట్టి ఉంది."

మనవరాలు నా భుజం మీంచి చదివి, "అయ్యో అమ్మమ్మా!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "రెండేళ్ళ నుంచీ దాని మీదే కదే కూర్చున్నాను!"

ఇంటికొచ్చి కంప్యూటరు తీయించి, పలక ఎత్తి, ఫోన్ లైటు వేసి చూశాం. పలక అడుగున రెండు మేకుల మధ్య, పాత ధోవతి గుడ్డలో చుట్టి ఉంది. విప్పితే వెదురు తేనె రంగుకి తిరిగింది. పంటిగాట్లు రెండూ ఉన్నాయి. బొటనవేలు వాటి మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. పిల్ల కాఫీ పెట్టి తెచ్చింది. పంచదార ఎక్కువేసింది, అయినా చుక్క మిగల్చకుండా తాగాను.

మా దోమతెరకి ఒక మూల చిరుగుంది. పురికొస చుట్టి మొదలుపెట్టాను. మొదటి ముడి జారింది. రెండోది జారింది. మూడోసారి సూది నాలుక వేలికి తగలగానే చిటికెన వేలు తనంతట తనే అడ్డం వెళ్ళింది. సన్నటి దోమతెరకి ఆ లావు పురికొస ముడి చూసి మా అల్లుడు రాత్రి భోజనాల దగ్గర, "అత్తయ్యగారూ, ఈ మూల నుంచి దోమే కాదు, సొరచేప కూడా రాలేదండీ" అన్నాడు.

పుస్తకం ఎనిమిది రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. దిండు కింద పెట్టుకున్నాను, రోజుకో పేజీ చదివాను. మనవరాలు ఈలోగా దాని ప్లాను ఇచ్చేసింది. ఏ జాబితానీ దాని సామానుతో కలిపి పెట్టలేదుట. వాటి నకళ్ళు మూడో చోట పెట్టిందిట. పైవాళ్ళు ఒక ప్రశ్న అడిగి ఒప్పుకున్నారుట. ఎనిమిదో రోజున అది నా మంచం మీద కూర్చుంది.

"అమ్మమ్మా, ఒకటి చెప్తే తిట్టవు కదా?"

"తిట్టాల్సిందైతే తిడతాను."

"ఆ పుస్తకం ఇంట్లో ఉండకూడదే. తాతయ్య పద్ధతి అది కాదు."

నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ఆయన రాత చేతికి తగిలేలా పక్కలో ఉంటే ఎంత బాగుందో నాకే తెలుసు. కానీ పక్కలో ఉన్నందుకే కదా, ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్క మాట అడిగి తెలుసుకోలేదు. పిల్ల పేజీలన్నీ ఫోన్లో ఫోటోలు తీసి పెట్టింది. వేలితో తడిమి చూశాను. నున్నటి అద్దం తగిలింది.

మళ్ళీ బందరు బస్సెక్కాను. ఈసారి ఒక్కదాన్నే. పుస్తకం మళ్ళీ అక్కడే పెడతానంటే కొట్టు అబ్బాయి ఆశ్చర్యపోయాడు.

"ఇప్పుడు మాదంతా కంప్యూటరేనండీ పిన్నిగారూ. పుస్తకాలు రాయడం మానేశాం."

"ఆ కంప్యూటరు ఎక్కడుంటుంది?"

"ఇదిగోనండి, ఇక్కడే, గల్లా పక్కన."

"ఇక్కడేనా!" అన్నాను. నవ్వబోయి ఆగిపోయాడు. సముద్రం ఆ గోడకి అంత దగ్గరగా ఉందని అతనికీ తెలుసు.

పెన్ను అడిగి తీసుకుని పద్దెనిమిదో పేజీ తీశాను. "కుట్టుమిషను పలక అడుగున" అని ఆయన రాసిన దాన్ని కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. కొట్టెయ్యక్కర్లేదు కూడా, సూదిని మళ్ళీ అక్కడే కట్టాను. పక్కన నా వంకర అక్షరాలతో "గుడివాడ" అని ఒక్క మాట రాశాను. ఇల్లు ఊరు మారిందని పుస్తకానికి తెలియాలి కదా. దారం జరిపి ఇచ్చేశాను. దేవుడి పటాల వెనక పెట్టేశాడు.

ఇప్పుడు నెలకోసారి బందరు వెళ్తున్నాను. రాయడానికి ఇంట్లో ఏదో ఒకటి చోటు మారుతూనే ఉంటుంది. మారకపోతే, బయల్దేరే ముందు నేనే ఏదో ఒక డబ్బా తీసి ఇంకో మూల పెడతాను.